నాన్న మరిచిపోయిన కత్తెర

“అది ఇలా ఇవ్వవే, బట్ట కత్తిరించేది. దాన్నేమంటారు?” అన్నాడు నాన్న.

పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న అమ్మ చెయ్యి చాచి అందించింది. “కత్తెర. ఎన్నిసార్లు చెప్పాలండీ?”

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ దర్జీ పనే చేసిన మనిషికి కత్తెర అన్న మాట రాకపోవడమేమిటి? నిన్న సూది, మొన్న టేపు. ప్రతిదాని పేరూ అమ్మనే అడుగుతున్నాడు. డాక్టరుకి చూపించుకో నాన్నా అని నేను మొత్తుకుంటుంటే చెవినే వేసుకోడు.

“చొక్కాకి ముందు వరసగా కుడతామే, గుండ్రంగా ఉంటాయి. వాటినేమంటారు?” అన్నాడు మళ్లీ.

అమ్మ డబ్బాలోంచి ఒక గుండీ తీసింది. వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి చూసింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కళ్లలో బెదురు కనిపించింది.

నేను చెప్పబోతే నాన్న బల్లకింద నా కాలు తొక్కాడు. అమ్మ కోసం చాలాసేపు ఆగాడు.

“పోనీలేవే. నాకూ నోట్లోనే ఆడుతోంది గానీ బయటికి రావట్లేదు,” అని నవ్వేశాడు.

అమ్మ మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లింది. నాన్న మొహంలో నవ్వు అక్కడితో సరి.

“పోయిన వారం దాకా గుండీ అని టక్కున చెప్పేదమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం. నాకు చూపించడానికేనని చెప్పు. నాకు తోడు రమ్మంటే మీ అమ్మ కాదనదు.”