నూకరాజు కారు ఊగదు

"నాన్నా, కారాపు!"

రుఆబాంధా మలుపు దాటగానే శ్రుతి తలుపు తోసుకుని దిగి వాంతి చేసుకుంది. సత్యప్రసాద్ నీళ్ల సీసా అందించాడు.

"రేపు రాయపూర్ డాన్స్ పోటీకి చిన్నాన్న కారులో వస్తా. అందులో నాకు చక్కర్ రాదు, తల తిరగదు. మలుపు తిరిగినా తెలీదు, నిద్రొచ్చేస్తుంది."

సత్యప్రసాద్‌కి అది మింగుడు పడలేదు. రెండూ ఒకే మోడల్ కార్లు, ఒకే ఏడాదివి. తనేమో రోలింగ్ మిల్లులో ఇంజనీరు. ఆ చిన్నాన్న, అంటే తన తోడల్లుడు నూకరాజు, స్టీలు ప్లాంటు లోపల కరిగిన ఇనుము గిన్నెలు లాగే లోకో డ్రైవరు. చుక్క తొణికితే మెమో. అలా నత్తలా నడిపేవాడి పక్కన తన కూతురు హాయిగా నిద్రపోతుందా!

కిటుకు ఎక్కడుందో అతనికి తెలుసు. కిందటి నెల సాహూ గ్యారేజీలో నూకరాజు కారు పైకెత్తి ఉంది. పక్కనే నేలమీద పాత స్వే బారు. మలుపులో కారు ఒరగకుండా రెండు చక్రాలనీ కలిపి పట్టుకునే ఇనుప కడ్డీ అది. గుట్టుచప్పుడు కాకుండా లావుది వేయించుకున్నాడు, దొంగ!

తిన్నగా సాహూ దగ్గరికే పోయాడు.

"నా బారు ఇరవై మిల్లీమీటర్లు. ఇరవై నాలుగుది బిగించు. బిగువు రెట్టింపవుతుంది."

"సాబ్, అంత బిగువైతే గుంతలో ఒక చక్రం పడినా రెండోదీ అదురుతుంది. మెల్లగా నడిపేవాళ్లకి ఆ బిగువే అక్కర్లేదు. నూకరాజు భయ్యా అయితే..."

"వాడి పేరెత్తకు. వెయ్యి."

సాయంత్రం శ్రుతిని ఎక్కించుకుని నెహ్రూ నగర్ దాకా ఎనభైలో కొట్టాడు. మలుపుల్లో కారు పలకలా నిలబడింది. గుంతల్లో మాత్రం ఎగిరెగిరి పడింది. తిరుగు దారిలో రిసాలి చేరేసరికి శ్రుతికి మళ్లీ వాంతి.

ఇరవై నాలుగు చాలలేదన్నమాట. వాడిది ఇరవై ఆరో, ఇరవై ఎనిమిదో!

మిల్లులో కడ్డీల లావు కొలిచే వెర్నియర్ తీసుకుని నూకరాజు క్వార్టర్ ముందు దిగాడు. మోకాళ్ల మీద వంగేసరికి గుమ్మంలోంచి నవ్వు.

"ఏటన్నయ్యా, నా కారు కింద ఏటెతుకుతున్నావు?"

"నీ బారు ఎంత లావో కొలుస్తా. అడిగితే చెప్పవుగా!"

"నువ్వెప్పుడడిగావు? సూసుకో మరి, టార్చి ఇమ్మంతావేటి?"

సత్యప్రసాద్ వెల్లకిలా పడుకుని, ఫోన్ లైటు వేసి, వెర్నియర్ తెరిచి పట్టుకుని ముందు చక్రాల మధ్యకి పాకాడు.

అక్కడ అసలు బారే లేదు.