అందరి వంతు కరెంటు

చీకటి పడే వేళకి బోటాటౌంగ్ పేటలోని ఆ సందులో ఇంటింటా బల్బు వెలిగింది. పిల్లలు సంతోషంతో కేకలు వేశారు.

బ్యాటరీలు చూసుకునే సూరి పరుగెత్తుకొచ్చాడు. మేడ మీది సోలారు సందంతటికీ ఒక్కటే. పైడితల్లి భర్త ఆక్సిజన్ మిషన్ ఆగిపోకూడదని, లైను కరెంటు లేనప్పుడల్లా మిగతా ఇళ్ళవాళ్ళు లైట్లు మానుకున్నారు. వానాకాలమంతా అలాగే చీకట్లో గడిపారు.

బ్యాటరీల గది ముందు పైడితల్లే నిలబడి ఉంది.

"ఎవులేసినారత్తా ఈ స్విచ్చిలన్నీ?"

"నానే."

"నీకేటి, మతి పోనాదా? ఇంతమందికిచ్చేస్తే మావ మిషను తెల్లార్లూ ఆడతాదా?"

సూరి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చెయ్యి తీసేసింది.

"ఉండనీరా. పిల్లలు సదువుకోనీ."

సూరి ఆమె ఇంటి వైపు చూశాడు. అక్కడ మిషన్ చప్పుడు వినబడలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి నేల మీద పరిచిన చాప, దాని మీద మావ, ఆయన తల దగ్గర ఒక చిన్న దీపం కనిపించాయి.

"మీ అమ్మనడిగి కాసింత నువ్వుల నూనె అట్టుకురా," అంది పైడితల్లి. "అది తెల్లార్లూ ఎలగాల."