కోపమొస్తే ఆగే కారు

కొన్న వారానికే నడిరోడ్డు మీద ఆగిపోవడం మొదలెట్టిందని నా కారు మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. కార్లు కూడా సాక్ష్యం చెప్పే రోజులు కదా, దాన్ని ఆవరణలో నిలబెట్టి విచారించారు.

“నాలో లోపమేమీ లేదండీ. ఈవిడకి కోపమొచ్చినప్పుడల్లా ప్రమాదం జరక్కుండా ఆగుతున్నాను,” అంది తీయటి గొంతుతో.

“నువ్వు ఆగబట్టే కదే నాకు కోపం,” అన్నాను.

జడ్జి బసవేశ్వరరావుగారు నెమ్మదస్తులు. ఈ కేసులో ఆయన రెండోవారు. మొదటాయన ఎందుకు తప్పుకున్నారో నాకెవరూ చెప్పలేదు.

“నేనెక్కి చూస్తానుండమ్మా,” అని నన్ను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరారు. ఒంగోలు ట్రంకు రోడ్డు మధ్యకు రాగానే కారు ఆగింది.

“మీకు కోపమొచ్చిందండీ.”

“లేదమ్మా, పద.”

“వచ్చిందండీ. తగ్గాక కదులుతాను.”

వెనక లారీల హారన్లకు చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆయన ఎన్నిసార్లు లేదన్నా అది వచ్చిందనే అంది. చివరికి స్టీరింగు మీద గుద్ది, “నాకు కోపం లేదన్నానా? కదలవే ముందు,” అని అరిచారు.

కారు కదల్లేదు. ఆ అరుపును రికార్డు చేసి, అప్పటికప్పుడే కమిషన్‌కు పిటిషన్ పంపి, మాకు చదివి వినిపించింది.

“జడ్జిగారికి నా మీద కోపముంది. కాబట్టి ఈ కేసు ఇంకొకరు వినాలని ప్రార్థన.”