తొమ్మిది రోజుల ఏడాది

ఈ గ్రహం తన ఎర్ర సూర్యుణ్ణి తొమ్మిది రోజుల్లో చుట్టేస్తుంది. అందుకే ఏడాదికోసారి పెట్టాల్సిన మామగారి తద్దినం హైమవతికి తొమ్మిది రోజులకోసారి వచ్చిపడుతోంది. ఇక్కడ కాకులు లేవు కనుక పిండాన్నీ వంటకాలనీ నల్లరంగు వేసిన డ్రోన్ ఎత్తుకుపోతుంది.

విసిగిపోయిన హైమవతి పురోహితుణ్ణి అడిగింది. భూమి లెక్కే పాటించవచ్చని ఆయన తేల్చేశారు.

"ఇక మనకీ వంటలు తప్పినట్టే అత్తయ్యగారూ," అంది మూకుడు దించుతూ.

సుభద్రమ్మ పళ్లెంలో వేయించిన బూరెలకేసి చూసింది.

"షుగరని చివరి పదేళ్లూ మీ మామగారి నోటికి బూరె తగలనివ్వలేదమ్మా. అడుగుతూ అడుగుతూనే పోయారు."

హైమవతి శనగపప్పు ఇంకో గ్లాసు ఎక్కువ పోసి నానబెట్టింది. డ్రోన్‌కి కొత్త బ్యాటరీ తెమ్మని భర్తకు చెప్పింది. ఈసారి బరువు ఎక్కువుంటుందంది.