మేకుకు వేలాడిన కప్పు

సినిమా అయిపోయేసరికి హాల్లోని తెల్లవాళ్ళంతా ముక్కులు చీదుకుంటున్నారు. టిక్కెట్టుతో పాటు ఏడుపు కూడా అమ్మినట్టున్నారు. తెర మీద మా స్నేహం అలా ఉంది మరి: వంటమనిషినైన నేనూ, మా దొరసాని కార్లీన్ గారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తీపి టీ తాగుతూ.

"ఎలా ఉందే, వెర్డెల్?" అంది ఆవిడ.

"బాగుంది, మిస్ కార్లీన్. మీ బల్ల దగ్గర నేను కూర్చోవడం ఇవాళే చూశాను."

"నీ వెటకారం ఇంకా పోలేదే!" అని నవ్వి, సినిమావాళ్ళతో పాటు నన్నూ విందుకని తన ఇంటికి తీసుకెళ్ళింది.

నేను పనిచేసిన ఆ రోజుల్లో మిసిసిపీలో మా నల్లవాళ్ళ కప్పు వేరు. ఆ ఇంట్లో నా రేకు కప్పు వెనక వసారాలో మేకుకు వేలాడేది. దాన్ని సినిమాలో చూపించమంటే, "జనం తట్టుకోలేరమ్మా" అన్నాడు డైరెక్టరు. పాపం, సున్నితమైన జనం.

విందులో అందరి ముందూ గాజు గ్లాసులున్నాయి. నేనొకటి అందుకోబోయేలోపే కార్లీన్ గారు "ఆగాగు!" అంటూ వెనక వసారాలోకి వెళ్ళి, తళతళలాడుతున్న ఆ రేకు కప్పునే తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు పని మానేసి ముప్పై ఏళ్ళయినా దీన్ని ఒక్కళ్ళనీ ముట్టుకోనివ్వలేదే!" అంది ఆవిడ గర్వంగా.

బల్ల చుట్టూ చప్పట్లు మోగాయి.

"అయ్యో, ఇది సినిమాలో పెట్టాల్సింది!" అంటూ డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు.