బూడిద పొర

"నువ్వన్నదే నిజం. ఆ నగరం తగలబడే పోయింది" అన్నారు మావారు, టీ గ్లాసు కడుగుతూ.

పురావస్తు తవ్వకాల్లో ఇద్దరం పద్దెనిమిదేళ్లుగా ఒకే పాత నగరపు దిబ్బ తవ్వుతున్నాం. కరువుతో నగరం మెల్లగా ఖాళీ అయిందని ఆయన, మంటల్లో ఒక్కరోజులో పోయిందని నేను. నాకున్న ఆధారమల్లా ఒక్క బూడిద పొర. దాని మీద నేను రాసిన పుస్తకం వచ్చే వారం అచ్చుకు వెళ్తోంది.

ఫ్యాను ఎంత స్పీడులో తిరగాలన్న దగ్గర కూడా తగ్గని మనిషి ఇంత మెత్తగా ఎందుకు ఒప్పుకున్నట్టు? ఇంకెవరైనా ఉన్నారా? ఏదైనా జబ్బు దాస్తున్నారా?

ఆయన స్నానానికి వెళ్లగానే ఫోను చూశాను, చొక్కా జేబులు చూశాను. చివరికి ఆయన బల్ల సొరుగు లాగాను.

అడుగున ఒక గుడ్డసంచి. నా బూడిద పొరలో దొరికిన పెంకులని ఆయనే రాసిన చీటీ, మొన్నటి తేదీతో. పెంకులన్నీ మాడి, వంకర్లు పోయి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కుండలు కాల్చే ఆవంలో తప్ప అలా కావు. నేను తగలబెట్టిన నగరం ఒక కుమ్మరి ఆవం. ఈ సంచి బయటపెడితే ఆయన వాదనే నెగ్గేది.

సంచి ఉన్నచోటే పెట్టేశాను.

"ఎందుకో మీ కరువే నిజమనిపిస్తోందండీ. పుస్తకం ఆపేయమని చెప్పేశాను" అన్నాను, ఆయన తల తుడుచుకుంటూ రాగానే.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేశారు.

"జ్వరం కూడా లేదే" అన్నారు అనుమానంగా.