పీతల పెట్టె

చిలీ దేశం దక్షిణపు కొసన ఉన్న మా పుంతా అరేనాస్ గాలి వెనకనుంచి తోసిందంటే రాజధాని శాంతియాగోకెళ్లే విమానం కప్పులో టీ చల్లారేలోగా దిగుతుంది.

ఆ రోజు మాత్రం గాలి పడిపోయింది. రెండువేల రెండొందల కిలోమీటర్లకి మూడున్నర గంటలూ పట్టింది. నిజానికి ఏ రోజైనా అంతే పడుతుంది లెండి.

గొర్రెల ఆసామి మిర్కో ముందు వరసలో కూర్చున్నాడు. కూతురు దానిత్సా రెండేళ్లుగా కిడ్నీ జబ్బుతో శాంతియాగో ఆసుపత్రి చుట్టూ తిరుగుతోంది. పొద్దున్నే ఫోనొచ్చింది, ఇవాళే ఆపరేషన్ అని.

డాక్టరుకి ఇద్దామని ఐస్ పెట్టెలో పెద్ద పీతను సర్దుకొచ్చాడు. మా ఊళ్లో పీతల పెట్టె లేకుండా శాంతియాగో విమానం ఎక్కేవాళ్లు తక్కువ.

అదే వరసలో కిటికీ పక్కన ముతక ఉన్ని స్వెట్టర్ వేసుకున్న ఒకావిడ. ఆమె ఒళ్లోనూ ఐస్ పెట్టె.

"ఇంకెంతసేపమ్మా?" విమానం అమ్మాయిని మళ్లీ అడిగిందామె.

మిర్కోకి ఒళ్లు మండింది.

"అడిగితే ఊరు దగ్గరికొస్తుందా? చిలోయె దీవి మనిషివి కాబోలు."

"అవునండి."

"చూస్తేనే తెలుస్తోందిలే. ఆ పీతను కింద పెట్టు. ఎవరూ ఎత్తుకుపోరు."

"ఇది పీత కాదండి. ప్రాణమున్నది."

"నాదీ ప్రాణమున్నదే. నిన్నటిదాకా కాళ్లాడించింది."

తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. ఆమె పెట్టెను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

విమానం ఆగీ ఆగగానే ఆమె లేచింది.

"కాస్త దారివ్వండి. బయట నాకోసం బండి కాచుకునుంది."

"ఒట్టి బండేనా, బ్యాండుమేళం కూడానా?"

మిర్కో దారికడ్డంగా నిలబడ్డాడు. తన పెట్టె తీశాడు. కోటు తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. ఆమె సందులోంచి దూరబోతే మోచెయ్యి అడ్డం పెట్టాడు.

"వరసలో రా. మీ దీవిలో ఆ మాత్రం మర్యాద నేర్పరా?"

ఆసుపత్రికి చేరేసరికి ఆపరేషన్ గది తలుపు మూసుంది.

"ఇప్పుడే మొదలెట్టారండి," అంది నర్సు.

"ఇప్పుడా? నా పిల్ల ప్రాణమంటే మీకు లెక్కలేదా?"

"కిడ్నీ రావాలిగా. మీ ఊరినుంచే వచ్చింది. తెచ్చినావిడకి విమానంలో ఎవడో దారివ్వలేదట."

తలుపు తెరుచుకుంది. ఉన్ని స్వెట్టర్ ఆవిడ ఖాళీ పెట్టెతో బయటికొచ్చి బల్లమీద కూలబడింది.

మిర్కో సిగ్గుతో తల దించుకున్నాడు.

పిల్ల బతికింది, అది నిజం. తండ్రి తల దించుకున్నాడన్నది మాత్రం నా కల్పన. అతను ఆమెతో అన్న మాట ఒక్కటే: "పీత కాదని ముందే చెప్పొచ్చుగా."